చిగుళ్ళ అంచున సిమెంటు

ఈ కాగితాల ముందు కూర్చుని ఇప్పటికి మూడుసార్లు లేచాను. ఒకసారి పాలు పొంగుతున్నాయేమోనని, ఒకసారి వీధి తలుపు గడియ పెట్టానో లేదోనని, మూడోసారి ఎందుకు లేచానో నాకే తెలీదు. "నీ కాళ్ళకింద నిప్పులున్నాయేటే" అని మా ఆయన ముప్ఫై రెండేళ్ళుగా అంటూనే ఉన్నారు. అది నా స్వభావం, ఒప్పుకుంటాను. కానీ మొన్న ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా నేను తిరిగిన తిరుగుడు స్వభావం కాదు, భయం. ఇప్పుడది చాలామట్టుకు తగ్గింది. రాస్తే మిగిలింది కూడా తగ్గుతుందని ఒక ఆశ. నాలాగే పంటికి సిమెంటు పెట్టించుకుని, చిగురు వాచి, ఎవరికీ చెప్పకుండా ఉన్న ఆడవాళ్ళు ఎవరైనా చదువుతారని ఇంకో ఆశ.

మాది ఒడిశాలో బరంపురం, గేట్ బజార్. కింద పప్పుల హోల్‌సేలు కొట్టు, పైన ఇల్లు. కొట్టు మా ఆయనా, మా అబ్బాయీ చూసుకుంటారు. పైన నేనూ, మా కోడలు లలితా. లలితది దిగపహండి దగ్గర పల్లె. మా ఇంటికొచ్చి నాలుగేళ్ళయింది.

ఫిబ్రవరిలో మొదలైంది. పళ్ళు తోమడమంటే నాకు ఇత్తడి బిందె తోమడమే. గట్టి బ్రష్షు, గట్టి చెయ్యి, అడ్డంగా బరబరా రుద్దితే గానీ తోమినట్టుండదు. అలా రుద్ది రుద్ది, ఎడమవైపు పైన మూడు పళ్ళకి, పన్ను చిగురులోకి దిగే చోట గాడి పడింది. గోరు పెడితే గోరు ఆగేంత. చన్నీళ్ళు తగిలితే తల మీద ఎవరో కొట్టినట్టు అదిరిపడేదాన్ని. దగ్గర్లో ఉన్న పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన పంటి రంగు సిమెంటుతో మూడు గాళ్ళూ పూడ్చాడు. పని కానిచ్చి, "అమ్మా, అంచులు ఇంకొంచెం నున్నగా చెయ్యాలి, వారం తరవాత రండి" అన్నాడు.

నేను వెళ్ళలేదు. చన్నీళ్ళు హాయిగా తాగుతున్నాను, ఇంకెందుకు వెళ్ళడం? ఆ కుర్చీలో నోరు తెరుచుకుని పడుకోవడం నా వల్ల కాదు. మొదటిరోజే ఆయన ఆపమనకముందే రెండుసార్లు లేచి కూర్చున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, అంతా ఆ వెళ్ళని వారం దగ్గరే చెడింది.

ఏప్రిల్ వచ్చేసరికి ఆ మూడు పళ్ళలో మధ్య పంటి దగ్గర చిగురు ఎర్రబడింది. అన్నం తిన్న తరవాత అక్కడేదో మిగిలిపోయినట్టుండేది. నాలుక ఊరుకునేది కాదు. మాట్లాడుతున్నా, పప్పులో ఉప్పు చూస్తున్నా, దేవుడికి దణ్ణం పెడుతున్నా నాలుక అక్కడికే పోయేది. సిమెంటు చివర చిన్న మెట్టులా తగిలేది. పళ్ళు తోముకుని ఉమ్మితే ఎరుపు. సరే, రక్తం కారే చోట ఎవరైనా బ్రష్షు పెడతారా? మా ఆయన్ని అడిగాను. "పుండుని కెలుకుతారేటే ఎవరైనా? దాన్నొదిలీ" అన్నారు. పక్కింటావిడా అదే అంది. ఆ పంటిని ముట్టుకోవడం మానేశాను. మిగతా పళ్ళన్నీ బరబరా, అదొక్కటీ అంటరానిది. రక్తం తగ్గలేదు సరికదా, నోట్లోంచి వాసన మొదలైంది. కొట్లోకి వచ్చినవాళ్ళతో చెంగు అడ్డం పెట్టుకుని మాట్లాడేదాన్ని.

మే నెలలో గంజాం వెళ్ళాను. మా అప్ప, అంటే నా పెద్దక్క, అక్కడే ఉంటుంది. బావది ఎండుచేపల వ్యాపారం. అప్ప మనవడి బారసాల. భోజనాల్లో నేను కుడివైపే నములుతూ మొహం ముడుచుకుని కూర్చుంటే అప్ప చూసింది. చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళి, జాకెట్లోంచి చిన్న డబ్బా తీసింది. గుడాకు. మా వైపు ఆడవాళ్ళు పళ్ళకీ చిగుళ్ళకీ రాసుకునే నల్లటి పొగాకు ముద్ద.

"ఒలే పారమ్మా, సిటికెడు తీసి ఆ గాడిలో ఎట్టు. ఐదు నిమిసాల్లో నొప్పి సస్తాది. నలభై ఏళ్ళనించి రాసీనాను, నాకేటయ్యింది?"

"ఓలప్పా, నాను రాయనని నీకు తెల్దేటి? అమ్మ సంగతి మర్సిపోయినావా?"

"అమ్మది సుట్ట. ఇది మందు" అంది అప్ప.

అమ్మ సంగతి చెప్పాలి. మా అమ్మ చుట్ట తిరగేసి కాల్చేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు మూసుకుని, వరినాట్లు వేస్తూ కూడా కాల్చేది. మా ప్రాంతంలో ఆ కాలం ఆడవాళ్ళలో చాలామంది అంతే. అమ్మకి అంగిట్లో పుండు లేచింది. ఆఖరి ఆర్నెల్లూ గంజి కూడా గొంతు దిగలేదు. ఆ నోరు కడిగింది నేను. అమ్మ పోయాక మా ఇంట్లో పొగాకు అన్న మాట వినపడకూడదని శాసనం పెట్టాను. మా ఆయన చేత చుట్టలు మాన్పించాను. లలిత పెళ్ళయి వచ్చిన వారంలో దాని పెట్టెలో గుడాకు డబ్బా కనిపిస్తే, దాని ఎదురుగానే మేడ మీంచి కాలవలోకి విసిరేశాను. "నా ఇంట్లో ఉండాలంటే దీన్నొదలాలి" అన్నాను. పద్దెనిమిది నిండి ఏడాదైనా కాని పిల్ల. తలొంచుకుని సరే అంది.

అంత చేసిన మనిషిని, ఆ రోజు పెరట్లో చిటికెడు తీసుకుని గాడిలో పెట్టాను. తల తిరిగి బావి గట్టు మీద కూలబడ్డాను. వాంతి వచ్చినట్టయింది. తరవాత నొప్పి పోయింది. నెల్లాళ్ళలో మొదటిసారి నాలుక నిలబడింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. తిరుగు బస్సు ఎక్కేముందు నేనే ఒక డబ్బా కొనుక్కున్నాను. నాలుగు రోజులు వాడి పారేద్దామనుకున్నాను.

నాలుగు రోజులు రెండు నెలలయ్యాయి. పొద్దున ఒకసారి, మధ్యాన్నం ఒకసారి, తరవాత తరవాత గంటకోసారి. మా ఆయనా లలితా చూడకుండా స్నానాల గదిలో గడియ పెట్టుకుని రాసుకునేదాన్ని. రాయకపోతే చేతులు వణికేవి, ఎదురొచ్చిన వాళ్ళమీద అరిచేదాన్ని. అది చిగురు నొప్పి అనుకున్నాను. ఎంత మొద్దుని!

జులైలో ఒకరోజు అద్దంలో పెదవి పైకెత్తి చూసుకున్నాను. వాచిన చిగురు పంటి మీదికి ఎక్కినట్టుంది. దాని పైన బుగ్గ లోపలివైపు, తడిసిన కాగితంలా ముడతలు పడి, తెల్లటి మచ్చ. వేలితో తుడిస్తే పోలేదు. అమ్మ నోట్లో మొదట కనిపించింది కూడా తెల్లటి మచ్చే.

ఆ తరవాత నాకు ఒకచోట కూర్చోవడమన్నది లేదు. వంటింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి మేడ మీదికి. పోపు మాడ్చాను, గ్లాసులు పగలగొట్టాను. అన్నం దగ్గర కూర్చుని రెండు ముద్దలు కెలికి లేచిపోయేదాన్ని. లలితే పట్టుకుంది.

"అత్తా, ఏటయ్యింది? వారమై అన్నం ఒదిలీసినారు. తలగడ గలీబు మీద రక్తం మరక సూసినాను."

"ఏటీ నేదు. ఎల్లు, నీ పని సూసుకో."

"నాను ఎల్లను. ఆటో పిలుస్తాను, సీర మార్సుకోండి."

అది నాతో అలా మాట్లాడడం అదే మొదలు. చీర మార్చుకున్నాను.

ఈసారి వేరే డాక్టరు. ఒడియా అమ్మాయి, చిన్న వయసే, మన తెలుగు కూడా బాగానే వచ్చు. బయట గదిలో చెక్క బెంచీలు, మాట వినపడని టీవీ, తలకి తువ్వాలు కట్టుకున్న ఒక ముసలాయన, బుగ్గలు వాచినవాళ్ళు ఇంకో ఆరుగురు. నేను గోడకీ గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. లోపల మిషను గుయ్యిమన్నప్పుడల్లా అమ్మ కళ్ళు గుర్తొచ్చేవి. ముసలాయన కాసేపు చూసి, తన వంతు వచ్చినప్పుడు లేవకుండా, నువ్వెళ్ళమ్మా ముందు అన్నట్టు తలుపువైపు చెయ్యి చూపించాడు. ఆయన బుగ్గ నా బుగ్గకంటే రెండింతలు వాచి ఉంది. సిగ్గేసింది, అయినా వెళ్ళాను.

"మావుసీ, ఆఁ కొరొంతు" అంది డాక్టరమ్మ. మావుసీ అంటే పిన్ని. నోరు తెరిచాను. చాలాసేపు చూసింది. అద్దం పెట్టి నాకూ చూపించింది.

"ఇదిగో, సిమెంటు అంచు చిగురు కిందికి దిగి మెట్టులాగ ఉండిపోయింది. దాని కింద పాచి పడుతుంది. బ్రష్షు అక్కడికి వెళ్తోందా?"

"రక్తం వస్తోందని మానేశానమ్మా."

"అయ్యో మావుసీ! రక్తం వస్తోందంటే అక్కడ మురికి ఉందని. మెత్తటి బ్రష్షుతో అక్కడే ఎక్కువ తోమాలి." తరవాత మచ్చ వైపు చూసి, అద్దం పక్కన పెట్టి, మామూలుగానే అడిగింది. "గుడాఖు ఘొసుఛొంతి కి? గుడాకు రాస్తారా?"

లలిత నా పక్కనే నిలబడి ఉంది. నా చేతిసంచీ పట్టుకుని.

"ఛీ ఛీ! మా ఇంట్లో దాని పేరే ఎత్తం. అడగండి మా కోడల్ని" అన్నాను.

"అవును డాక్టరమ్మా, మా అత్త పొగాకంటే మండిపడతారు" అంది లలిత.

డాక్టరమ్మ సిమెంటు అంచు అరగదీసి నున్నగా చేసింది. చిగురు కింద శుభ్రం చేసింది. రెండు వారాల్లో వాపూ మచ్చా రెండూ తగ్గాలి అంది. ఇంటికొచ్చాను. స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. చెయ్యి డబ్బా మీదికి పోయింది. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా రాసుకున్నాను.

ఆగస్టు అంతా ఎదురుచూపులే. రెండు వారాలకి వెళ్తే వాపు కొంచెం తగ్గింది, మచ్చ తగ్గలేదు. మళ్ళీ రెండు వారాలు. పాచి తగ్గింది, మచ్చ ఇంకా వెడల్పయింది. డాక్టరమ్మ నుదురు ముడిపడింది. "అంచు బాగుంది, పాచి లేదు, మీరు బాగా తోముతున్నారు. మరెందుకు తగ్గట్లేదో నాకు తెలీట్లేదు. వచ్చేసారికి ఇలాగే ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదాం. డొరొ నాహిఁ, భయపడకండి" అంది. భయపడకండి అంటే భయం పోతుందా?

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. మా ఆయన పొద్దున్నించి మూడుసార్లు కొట్టు వదిలి పైకొచ్చి, "ఏటే, ఎలగుంది?" అని గుమ్మంలోంచే అడిగి, నేను కసురుకుంటే దిగిపోయేవారు. ఒకరోజు భోజనానికి కూర్చుని తన కంచంలో అన్నం కూడా నాలాగే మెత్తగా పిసికి, పాలు పోసుకుని తినడం మొదలుపెట్టారు. మీకేమైందని అడిగితే, "నువ్వొక్కర్తివే తింటే బాగుండదు" అన్నారు. ఏడుపొచ్చింది. ఆ ఏడుపుని కూడా కోపం చేసి, పాలు ఎక్కువ పోసుకున్నారని తిట్టాను.

నాకు ఒకటే ఆలోచన. ఇది అమ్మ జబ్బే. ఇది అమ్మ జబ్బే అయితే, నేనే తెచ్చుకున్నాను. ఇప్పుడు చెప్పి ఏం లాభం? చెప్పకపోతే ఏం లాభం? చెప్తే లలిత మొహం ఎలా చూడను?

ముక్క తీసే రోజుకి నాలుగు రోజుల ముందు, ఎవరితోనూ చెప్పకుండా గంజాం బస్సెక్కాను. ఈ మాట అనగలిగింది అప్ప ఒక్కర్తితోనే. అప్ప నా నోరు చూసింది. మొదటిసారి దాని మొహంలో నవ్వు పోయింది.

"డాక్టరుకి సెప్పినావేటి, రాస్తన్నావని?"

"నేదు. కోడలు పక్కనున్నాది. ఎలగ సెప్తాను?"

అప్ప మెట్టు మీద కూలబడింది. తరవాత అంది. "అమ్మా సెప్పనేదే. పెద్దాసుపత్రిలో డాక్టరు అడిగినాడు, సుట్ట మానీసినావా అని. మానీసినాను బాబూ అన్నాది. నాను పక్కనే ఉన్నాను. దాని తలగడ కింద ఐదు సుట్టలున్నాయి, నానే తెచ్చిచ్చినాను. బతిమాలితే కాదనలేకపోయినాను. నువ్వు తిడతావని నీకు సెప్పొద్దన్నాది."

నేను నిలబడ్డచోటే నిలబడిపోయాను. అమ్మ మానేసిందనే ఇన్నేళ్ళూ నమ్మాను. మానేసినా జబ్బు వదల్లేదే అని దేవుణ్ణి తిట్టుకున్నాను. నేను తిడతానని అమ్మ దాచింది. లలిత ఎదురుగా నా పరువు పోతుందని నేను దాచాను. అప్ప తన డబ్బా తీసి పెరట్లో గోతిలో వేసి మన్ను కప్పింది. "నువ్వెల్లి సెప్పీయే పారమ్మా. నా మాట ఇని రాసినావు, నాకు నిద్దర పట్టదు" అని ఏడ్చింది. నాకు దాని మీద కోపం రాలేదు, ఆశ్చర్యంగా. వచ్చిందల్లా తొందర. ఆ బస్సు ఎందుకంత మెల్లిగా నడిచిందో నాకు ఇప్పటికీ కోపమే.

డాక్టరమ్మ దగ్గరికి లలితతోనే వెళ్ళాను. దాన్ని బయట ఉండమని చెప్పొచ్చు. చెప్దామనే అనుకున్నాను. కుర్చీలో కూర్చున్నాక దాన్ని బయటికి పంపే మాట నా నోట రాలేదు. పంపితే మళ్ళీ సగమే చెప్తానని నాకు తెలుసు.

"డాక్టరమ్మా, గుడాకు రాస్తున్నాను. మూడు నెలలైంది. సరిగ్గా అక్కడే."

డాక్టరమ్మ కేకలేస్తుందనుకున్నాను. ఆమె చేతి తొడుగులు తీసి, స్టూలు దగ్గరికి లాక్కుని, నా మోకాలి మీద చెయ్యి వేసింది. "మంచిపని చేశారు మావుసీ. ఈ రోజు ముక్క తియ్యను. ఇప్పటినుంచి మూడు వారాలు పూర్తిగా మానండి. గుడాకు వల్ల వచ్చిందైతే తగ్గుతుంది. తగ్గకపోతే అప్పుడు పరీక్ష తప్పదు" అంది.

తల తిప్పి చూశాను. లలిత లేదు. నా చేతిసంచీ కుర్చీ మీద ఉంది.

బయట రోడ్డు మీద నిలబడి ఉంది, మొహం ఎర్రగా. మూడు రోజులు మాట్లాడలేదు. కంచం పెట్టేది, తీసేది. ఆ మూడు రోజుల్లోనూ నాకు తల బద్దలయ్యేది, ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. కూర్చోలేను, పడుకోలేను. మా ఆయనకి కూడా చెప్పేశాను. ఆయన ఒక నిమిషం నన్ను చూసి, "నా సేత సుట్టలు మాన్పించినావు గదే" అని మాత్రం అన్నారు. ఆ మాటలో వెటకారం ఉన్నా బాగుండేది. లేదు.

నాలుగో రోజు పొద్దున లలిత టార్చిలైటు పట్టుకుని వచ్చింది. "నోరు తెరండి" అంది. అత్తగారి నోట్లో కోడలు టార్చి వెయ్యడం మా వంశంలో ఎక్కడా జరిగి ఉండదు. తెరిచాను. చూసింది, వాసన కూడా చూసింది. "రాయనేదు" అని తనలో తను అనుకుంది. చేతిలో నాలుగు లవంగాలు, కాసిన్ని సోపు గింజలు పెట్టింది. "తలనొప్పొచ్చినప్పుడు నమలండి. పిచ్చెక్కినట్టుంటే మెట్లు దిగి ఎక్కండి." తరవాత, మొహం పక్కకి తిప్పుకుని, "ఎలగుంది అత్తా?" అంది.

ఆ పొద్దుటినుంచి రోజూ టార్చి, రోజూ ఆ ప్రశ్న. మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగానో! కొట్లో గుమాస్తాలు నాకు దెయ్యం పట్టిందనుకున్నారు. ఒకరోజు స్నానాల గదిలో ఖాళీ డబ్బా మూత దొరికితే, దాన్ని వాసన చూస్తూ పావుగంట నిలబడ్డాను. తరవాత దాన్ని లలిత చేతికిచ్చి, దాచేయమన్నాను. పన్నెండో రోజుకి మచ్చ అంచులు పల్చబడినట్టు అనిపించింది. నా కళ్ళని నమ్మలేదు, లలిత కళ్ళని అడిగాను. "రేపు సెప్తాను" అంది గడుసుగా.

సెప్టెంబరులో మూడు వారాలు నిండాయి. డాక్టరమ్మ పెదవి ఎత్తి చూసి, దీపం దగ్గరికి లాగి మళ్ళీ చూసింది. మచ్చ పోయింది. లేత గులాబీ రంగులో మామూలు చర్మం. పరీక్ష అక్కర్లేదు, కానీ మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి అంది. చిగురు గట్టిపడింది, రక్తం లేదు. "వెనక్కి తగ్గిపోయిన చిగురు మాత్రం మళ్ళీ ముందుకి రాదు మావుసీ" అంది. మధ్య పన్ను పొడుగ్గా కనిపిస్తుంది. కనిపించనీ.

చదివేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. చిగురు అంచున సిమెంటు పెట్టించుకుంటే మళ్ళీ రమ్మన్న రోజున వెళ్ళండి. నాలుకకి మెట్టు తగిలితే చెప్పండి. రక్తం చూసి బ్రష్షు మానకండి. డాక్టరు ఏదైనా అడిగితే పక్కనున్నది ఎవరైనా సరే నిజం చెప్పండి, నాలాగ మూడు నెలలు చావకుండా.

ఆ రోజు బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాం. ఒళ్ళు తేలికగా ఉంది. ఏదో ఒకటి మాట్లాడాలని, నవ్వుతూ అడిగాను.

"ఒలే లలితా, నువ్వు మానినప్పుడు ఎన్నాళ్ళు పట్టిందే?"

"మూడు నెల్లు" అంది. రోడ్డువైపే చూస్తూ అంది. "తలనొప్పితోటే అప్పడాలొత్తినాను. పనిదొంగ పిల్ల దొరికిందని మావయ్యతో అన్నారు. నాను వంటింట్లో ఇన్నాను. మీరొక్క రోజూ ఎలగుందని అడగనేదు అత్తా."

ఆటో వచ్చింది. ఎక్కాం. గేట్ బజార్ వైపు తిరిగాం. అప్పుడు, ఆటో చప్పుడులో వినపడేలా గట్టిగా, నాలుగేళ్ళు ఆలస్యంగా అడిగాను.

"తప్పయిపోయిందే. ఇప్పుడెలగుంది? తలనొప్పి ఇంకా ఒస్తాదేటి?"

లలిత నా వైపు తిరిగింది.

"అప్పుడప్పుడొస్తాది అత్తా" అంది.